పంతొమ్మిది సెకన్లు

టక్, టక్.

ఆ తర్వాత ఏమీ ఉండదు.

బడి పై అంతస్తుకు మెట్లెక్కే ఎవరికైనా ముందు ఆ రెండు దెబ్బలే వినిపిస్తాయి. నల్లబల్ల మీద చాక్‌పీసు తాకిన చప్పుడు. కొత్తవాళ్ళు మెట్టు మీదే ఆగి చెవి ఒగ్గుతారు, ఇప్పుడు ఎవరో ఏదో అంటారని. ఎవరూ ఏమీ అనరు. వరండా చివర కిటికీ రెక్క ఒకసారి మూసుకుని తెరుచుకుంటుంది. కింద గేటు దగ్గర ఎవరో సైకిలుకు స్టాండు వేస్తారు. పక్క గదిలో పిల్లలు ఎక్కం అందుకుంటారు. ఈ గదిలో మాత్రం ముప్పై ఎనిమిది మంది ఉండి కూడా ఎవరూ లేనట్టే ఉంటుంది. అప్పుడు, ఏ మూల నుంచో, నీళ్ళ మీదికి తేలినట్టు ఒక చిన్న గొంతు పైకి వస్తుంది.

ఆ గొంతు వచ్చాకే ఆమె పిల్లల వైపు తిరుగుతుంది. సన్నగా, పొడుగ్గా, మోచేతి దాకా సుద్దపొడితో. బడిలో ఆమె లెక్కల టీచర్. పిల్లల మధ్య టక్‌టక్ టీచర్. ఆ పేరు ఆమెకు తెలియదని పిల్లలు అనుకుంటారు. ఆమె కూడా తెలియనట్టే ఉంటుంది.

ఇలా ఆగడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక వారం పాటు గొంతు పూర్తిగా పోయింది. సెలవు దొరకలేదు. ప్రశ్న బల్ల మీద రాసి, దాని పక్కన చాక్‌పీసుతో రెండుసార్లు కొట్టి నిలబడింది. అంతకుముందు పిల్లలు కాస్త తటపటాయిస్తే చాలు, జవాబు తనే చెప్పేసేది. ఆ వారం చెప్పడానికి గొంతు లేదు కాబట్టి నిలబడక తప్పలేదు. మూడో రోజు, ఏడాదంతా నోరు విప్పని పిల్ల ఒకతె లేచి లెక్క మొత్తం చెప్పి కూర్చుంది. చెప్పాక తనే భయపడి చుట్టూ చూసింది.

గొంతు తిరిగొచ్చింది. ఆ వారం దొరికినదాన్ని మాత్రం ఆమె వదల్లేదు. ప్రశ్న అడుగుతుంది. రెండు దెబ్బలు కొడుతుంది. ఏ పిల్ల వైపూ చూడకుండా, కిటికీ గట్టు వైపు చూస్తూ, మనసులో ఏడు దాకా లెక్కపెడుతుంది. ఏడు చాలకపోతే మళ్ళీ ఒకటి నుంచి.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆ క్లాసు తలుపు మూసుకున్నాక లోపల జరిగేది పిల్లలు తప్ప ఎవరూ చూడలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు హాజరు పుస్తకం తిప్పి, గోడ మీద పటాలు వంకర లేకుండా ఉన్నాయో లేదో చూసి వెళ్ళేవారు. హెడ్ మేడమ్ కిటికీ దగ్గర ఒక క్షణం ఆగి, గదిలో అల్లరి లేదు కాబట్టి అంతా బాగుందనుకుని ముందుకు సాగేది. పెద్దవాళ్ళైన పిల్లలు బజారులో ఎదురైతే ఆగి, "టీచర్, మీరు ఎంత బాగా చెప్పేవారో" అనేవాళ్ళు. నేను చెప్పలేదురా, ఊరుకున్నాను, అన్న మాట ఆమె నోటి దాకా వచ్చేది. నవ్వి ఊరుకునేది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఈ పని తెలిసిన మనిషి, తనను ఎరగని మనిషి, ఒక్కసారి ఆ గదిలో జరిగేది చూడాలి. చూసి, అవును, ఇదే, అనాలి. చెప్పుకుంటే చిన్న కోరికే. కానీ పొద్దున జడ అల్లుకుంటున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆరేసిన బట్టలు తీస్తున్నప్పుడు అది వచ్చి పక్కన నిలబడేది. పిలవకుండా వచ్చిన చుట్టంలా కాదు. వస్తానని మాటిచ్చి ఇంకా రాని మనిషిలా.

అందుకే నలభై ఏడో ఏట ఆమె పెద్ద సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టింది. కాగితం మీద దాని పేరు ఉన్నత శ్రేణి ఉపాధ్యాయ ధ్రువీకరణ. అంత పేరు పలకడానికి తీరిక లేక బడిలో అందరూ పెద్ద సర్టిఫికెట్ అనే అంటారు. అందులో నాలుగు భాగాలు. ఒకటి రాత పరీక్ష. రెండోది, పిల్లల పుస్తకాల్లోంచి తీసిన పనితో కట్టిన ఫైలు. మూడోది, పాఠం జరుగుతుండగా తీసిన పదిహేను నిమిషాల వీడియో. మధ్యలో కత్తిరించకూడదు, అతికించకూడదు. నాలుగోది, తన పని గురించి తనే రాసుకునే వ్యాసం. దరఖాస్తు పత్రం ఆరో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆమె వేలు చాలాసేపు ఆగిపోయింది. 'మీ వీడియోను మీ సబ్జెక్టు బోధించే అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులే చూస్తారు.'

చూస్తారు, అని పైకే అంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

రెండేళ్ళ పాటు ఒక్కో భాగం పంపుతూ వచ్చింది. నాలుగూ పూర్తయిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం విరామంలో, ఫలితాలు వచ్చాయి. కంప్యూటర్ గదిలో ఆమె పక్కన సైన్సు టీచర్ నిలబడి ఉంది. ఆమె కంటే పదేళ్ళు చిన్నది. పెద్ద సర్టిఫికెట్ నిరుడే తెచ్చుకుంది. అది పటం కట్టించి ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టింది, గోడకు మేకు కొట్టనివ్వని ఇంటి యజమానిని రోజూ తిట్టుకుంటూ.

"తెరువక్కా. నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

"నువ్వే చూడు. నా కళ్ళజోడు సరిగ్గా లేదు."

"కళ్ళజోడు నిక్షేపంగా ఉంది. నువ్వు కళ్ళు మూసుకున్నావు."

తెర మీద నాలుగు అంకెలు. ప్రతి భాగానికీ గరిష్ఠం నాలుగు. రాత పరీక్షకు మూడు. ఫైలుకు మూడు పాయింట్ రెండు. వీడియోకు రెండు. వ్యాసానికి ఒకటి పాయింట్ ఎనిమిది. వాటి పక్కన ఏవో చిన్న చిన్న అంకెల వరస. అన్నిటికీ కింద మొత్తం: రెండు వందల యాభై ఐదు. నెగ్గడానికి కావలసింది రెండు వందల డెబ్బై ఐదు.

"ఇరవయ్యే కదక్కా," అంది సైన్సు టీచర్, మెల్లగా. "గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది."

ఆమె మొత్తం వైపు చూడటం లేదు. వీడియో అంకె కింద ఒక వాక్యం ఉంది. 'పిల్లలకు ఆలోచించే వ్యవధి ఇచ్చినట్టు స్పష్టమైన ఆధారం కనబడలేదు.'

మూడుసార్లు చదివింది. ఎవరో ఇంటికొచ్చి, ఈ ఇంట్లో తలుపే లేదు అని చెప్పి వెళ్ళినట్టు అనిపించింది.

"అది పట్టించుకోకక్కా. వాళ్ళ దగ్గర ఇలాంటి వాక్యాల పట్టీ ఒకటి ఉంటుంది. పన్నెండో నంబరు అని నొక్కితే ఇది పడుతుంది. తప్పినవాళ్ళకే వస్తాయి. నాకు ఒక్క ముక్క కూడా రాలేదు."

"నీకు అంకెలే వచ్చాయా?"

"అంకెలే. వాటికే నేను ఎగిరి గంతేశాను."

తప్పినవాళ్ళకు ఒక దారి ఉంది. నాలుగు భాగాల్లో ఏదో ఒక్కదాన్ని, ఒక్కసారి, మళ్ళీ చేసి పంపవచ్చు. ఏ భాగమో నెలాఖరులోగా తెలపాలి. అదీ చాలకపోతే నాలుగు భాగాలూ రద్దయిపోతాయి, మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. యాభై దాటినవాళ్ళ కొత్త దరఖాస్తు తీసుకోరు. ఆమెకు నలభై తొమ్మిది నిండి నాలుగు నెలలైంది.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది సైన్సు టీచర్. "అన్నిటికంటే తక్కువ వ్యాసానికి వచ్చింది. దాన్నే మళ్ళీ రాయి. ఇంట్లో కూర్చుని, టీ తాగుతూ, నీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకోవచ్చు. నేనూ చూసిపెడతాను. ఆ కెమెరా గోల మళ్ళీ ఎందుకు?"

కెమెరా గోల ఉండదన్న మాటకు ఆమె గుండె కుదుటపడింది. తలూపింది. అలా కుదుటపడినందుకే ఎక్కడో కొంచెం సిగ్గనిపించింది కూడా. గంట కొట్టారు. చాక్‌పీసు తీసుకుని పైకి వెళ్ళింది. ఆ పూట ఆమె ఏ ప్రశ్నకూ మూడు దాటి లెక్కపెట్టలేకపోయింది.

ఇంటి ముందుగది ఆమె భర్త కొట్టు. ఆయన కాటాలు బాగుచేస్తాడు. పచారీ కొట్ల వాళ్ళు, పాత సామాన్లు కొనేవాళ్ళు, మందుల షాపు వాళ్ళు తెచ్చి ఇచ్చిన తూకం యంత్రాలు గది నిండా ఉంటాయి. గోడ వార అరలో తూనికరాళ్ళు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, ఫోటో దిగడానికి నిలబడ్డ కుటుంబంలా వరసగా. ఆయన పని ఎక్కువగా ఎదురుచూడటమే. రాయి పెడతాడు, ముల్లు ఊగుతుంది, అది నిలబడేదాకా చేతులు కట్టుకుని చూస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే పైకప్పు కింద ఉన్నా ఆయన ఆమె క్లాసు ఎప్పుడూ చూడలేదు. చూడమని ఆమె అడగనూ లేదు.

ఆ సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుండగానే ఆయన అడిగాడు. "ఏమైంది టీచరమ్మా? మొహం తూకం తగ్గింది."

ఆమె కాగితం ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళి టీ పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూస్తున్నాడు.

"వ్యాసం మళ్ళీ రాస్తానండి," అంది ఆమె. "దానికే తక్కువొచ్చింది."

"ఈ చిన్న అంకెలేంటి? నలభై, పదిహేను, ముప్పై, పదిహేను?"

"శాతాలో ఏవో లెండి."

"శాతాలని లేదే. పైన 'బరువు' అని రాసుంది." ఆయన కాగితం దించాడు. "బరువు అని రాసున్న కాగితం పట్టుకుని, ఇంట్లో నేనుండగా, సైన్సు టీచర్‌ని అడిగొచ్చావా?"

ఆమెకు నవ్వొచ్చింది, అంత దిగులులోనూ. ఆయన లేచి, మూలనున్న పాత పెద్ద కాటా దగ్గరికి పిలిచాడు. దాని పైన పొడవాటి కడ్డీ, కడ్డీ మీద అటూ ఇటూ జరిగే చిన్న ఇనుప రాయి.

"చూడు. రాయి అదే. ఇక్కడ పెడితే కిలో ఎత్తుతుంది. చివరికి జరిపితే పది కిలోలు ఎత్తుతుంది. రాయి ఎంతుంది అని చూస్తే సరిపోదు, ఎక్కడుంది అని చూడాలి. నీ వ్యాసం ఇక్కడ, దగ్గర. దాన్ని ఎంత లాగినా కాటా కొంచెమే లేస్తుంది. నీ వీడియో అదిగో, దూరంగా. దాన్ని కాస్త కదిపితే చాలు."

ఆమె కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు అందుకుంది. ఒక్కో మార్కునూ దాని బరువుతో గుణించింది. వ్యాసం ఒక్కటే మార్చి నెగ్గాలంటే అది ఒకటి పాయింట్ ఎనిమిది నుంచి మూడు దాటాలి. వీడియో అయితే రెండు నుంచి రెండు పాయింట్ ఏడుకు వస్తే చాలు. నాలుగో క్లాసు పిల్లకు ఇచ్చినా చేసే లెక్క. అది ఆమెకు రాక కాదు. మధ్యాహ్నం నుంచి ఆమె ఆ లెక్క వేయకుండా తప్పించుకుంది.

"నాకు కెమెరా అంటే భయమండీ," అంది.

"తెలుసు. అందుకే తేలికైన వైపు వెళ్ళి నిలబడ్డావు." ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. "ఇంతకీ కెమెరా ముందు ఏం చేశావు? రెండే ఇచ్చారంటే, తిట్టావా పిల్లల్ని?"

ఆమె ఫోను తెచ్చింది. మొదటిసారి మూడు పాఠాలు వీడియో తీసి, ఒకటి ఎంచి పంపింది. పంపినదాన్ని తెరిచింది. తెర మీద ఒకామె గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతోంది. ప్రశ్న అడుగుతోంది, జవాబు అందుకుంటోంది, ఇంకో ప్రశ్న, శభాష్, ఇంకో జవాబు. పిల్లల చేతులు గాలిలో. గది అంతా కళకళ. పదిహేను నిమిషాల్లో ఎక్కడా రెండు దెబ్బలు లేవు. ఎక్కడా ఖాళీ లేదు. లైటు స్తంభం చుట్టూ తిరిగే పురుగులా తన గొంతు ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆ ఆడమనిషిని ఎక్కడో చూశాను గానీ పరిచయం లేదు, అనుకుంది ఆమె.

తర్వాత ఇంకొకటి తెరిచింది. అందులో, ఏడో నిమిషం దగ్గర, టక్, టక్. తెర మీద ఎవరూ కదలరు. ఆయన ఫోను ఆగిపోయిందేమోనని వేలితో తట్టబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఎక్కడో కాకి అరిచింది. పదకొండు సెకన్లకు ఒక పిల్లాడు, బెంచీ కిర్రుమంటుండగా, లేచాడు.

"మరి ఇది పంపలేదేం?"

"ఏమీ జరగట్లేదు అనుకుంటారని."

"ఎవరు?"

"చూసేవాళ్ళు."

"వాళ్ళూ టీచర్లే అన్నావుగా?"

పదిహేను నిమిషాలే ఇచ్చారు. వాటిలో పదకొండు సెకన్లు ఊరికే పోతాయనుకుంది. తనను చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఇల్లంతా సర్దుతూ, కంగారులో తనే గది బయట ఉండిపోయి తలుపు వేసుకుంది.

పాతది పంపడానికి వీల్లేదు. మళ్ళీ చేసేవాళ్ళు ఈ ఏటి పిల్లలతో, కొత్త పాఠంతో చేయాలి. మర్నాడు ఆమె పత్రంలో మూడో భాగం ఎదురుగా గీత పెట్టి, సంతకం చేసి పంపేసింది. సైన్సు టీచర్ ముక్కున వేలేసుకుంది. "అయ్యో అక్కా, కోరి మరీ కెమెరానా? నీ ధైర్యమే ధైర్యం."

"ధైర్యం కాదే. గుణకారం."

హెడ్ మేడమ్ అనుమతి ఇచ్చింది, పిల్లల ఇళ్ళ నుంచి సంతకాలు వచ్చాయి. ఫోను పెట్టడానికి కొట్లోని ఇనుప స్టాండు ఒకటి భర్త భుజాన వేసుకొచ్చాడు. క్లాసులో అడుగుపెట్టగానే ముప్పై ఎనిమిది మందీ లేచి నిలబడితే, ఆయన వెనక్కి చూశాడు, ఎవరొచ్చారా అని. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన స్టాండు మీద రసమట్టం పెట్టి, లోపల గాలి బుడగ మధ్యకొచ్చేదాకా దాని కాళ్ళ కింద కాగితం మడతలు పెట్టాడు. తర్వాత వెనక బెంచీలో, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, కూర్చున్నాడు.

మొదటి రోజు పాఠం బాగానే జరిగింది. బాగా జరగడమే తప్పైపోయింది. నల్లటి గాజు కన్ను తన వైపే చూస్తుంటే ఆమె నాలుగు లెక్కపెట్టేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. పిల్లలు గలగలా జవాబులు చెప్పారు. వీడియో చూసి సైన్సు టీచర్ చప్పట్లు కొట్టింది. ఆమె ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"రేపు ఇంకోసారి తీద్దామండీ," అంది భర్తతో.

రెండో రోజు భిన్నాల పాఠం. ఆమె బల్ల మీద రాసింది: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? సగం మంది నాలుగో వంతే అన్నారు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. సగం మంది మూడో వంతు అన్నారు. వాళ్ళనూ వీళ్ళనూ పోట్లాడుకోనిచ్చి, "ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

టక్, టక్.

కిటికీ గట్టు మీద నిన్నటి చాక్‌పీసు ముక్క ఒకటి ఉంది. ఆమె దాన్నే చూసింది. ఒకటి. రెండు. వెనక ఫోను ఉందని గుర్తుంది. మూడు. గొంతులో మాట వచ్చి నిలబడింది. నాలుగు. అయిదు. మాటను మింగింది. ఏడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ ఒకటి. వెనక బెంచీలో భర్త ఊపిరి బిగబట్టడం ఆమెకు తెలిసింది, ఇంట్లో ముల్లు ఊగుతున్నప్పుడు బిగబట్టినట్టే. మళ్ళీ ఏడు. ఆమె అరచేతిలో చెమటకు చాక్‌పీసు మెత్తబడింది. మళ్ళీ ఒకటి. ఈ ఖాళీలో పడి మునిగిపోతున్నానా అనిపించింది ఒక్క క్షణం. ఆ వెంటనే, ఇక్కడే కదా నేనుండేది, అనిపించింది.

కిటికీ పక్క బెంచీలో ఎడంచేతి అమ్మాయి ఉంటుంది. ఎడమ చేత్తో రాస్తుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అది. బడి తెరిచిన నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పిల్ల లేవలేదు. కూర్చునే, పుస్తకం వైపు చూస్తూ, అడిగింది.

"దేంట్లో మూడో వంతు, టీచర్?"

జవాబు కాదు, ప్రశ్న. గది ఒక్కసారి కదిలింది. "దేంట్లోనైనా ఒకటేగా!" అన్నాడొకడు. "ఎలా ఒకటే? చిన్న రొట్టెలో మూడో వంతు, పెద్ద రొట్టెలో నాలుగో వంతు... ఆగరా, ఆగు, తిరగబడింది!" అంది ఇంకో పిల్ల. అందరూ అందరితో మాట్లాడుతున్నారు. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె చాక్‌పీసు గట్టు మీద పెట్టి, పక్కకు జరిగి, గోడకు ఆనుకుంది. ఏదీ తేలకముందే గంట కొట్టారు.

ఇంటికి వెళ్తూ భర్త వీధి చివర ఆగాడు. స్టాండు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పంతొమ్మిది సెకన్లు," అన్నాడు. "ఫోన్లో టైము చూస్తూనే ఉన్నాను."

"ఎక్కువైందంటారా?"

"నాకేం తెలుసు? ముల్లు నిలబడకముందే చూసి తూకం చెప్పేవాడు దొంగ. అదొక్కటే తెలుసు నాకు." కొంతదూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "అయినా నీకు ఇంత ఓపిక ఉందని తెలియదే. ఇంట్లో నేను నోరు తెరిచేలోపు ప్రశ్న నువ్వే, జవాబూ నువ్వేగా."

"ఇంట్లో చాక్‌పీసు లేదుగా," అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన తన క్లాసు చూశాడు. ఆ సంగతి ఆమెకు రోడ్డంతా వెచ్చగా తగులుతూనే ఉంది. అయినా, ఆ వెచ్చదనం అంచున, ఇంకా రాని ఆ మనిషి అలాగే నిలబడి ఉన్నాడు.

మర్నాడు రెండు వీడియోలూ చూసి సైన్సు టీచర్ తల పట్టుకుంది. "మొదటిది పంపక్కా, నీకు దణ్ణం పెడతాను. రెండోదాంట్లో అంతసేపు ఎవరూ మాట్లాడరు. ఆ పిల్ల మాట్లాడినా తిరిగి ప్రశ్నే వేసింది. పైగా జవాబు తేలకుండానే గంట. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

నిరుటి తన మాటే ఇంకొకరి నోట వింటున్నట్టు ఉంది ఆమెకు. చాలాసేపు ఏమీ అనలేదు. సైన్సు టీచర్ ఎదురుచూసింది. తర్వాత అనుమానంగా చూసింది. "అక్కా, నా మీద కూడా లెక్కపెడుతున్నావా?"

"పెట్టాను. ఏడయింది." ఆమె రెండో వీడియో మీద వేలు నొక్కి పంపేసింది.

అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో ఆమెకు యాభై నిండాయి. ఎడంచేతి అమ్మాయి ఇంకో మూడుసార్లు మాట్లాడింది, మూడుసార్లూ ప్రశ్నలే. బస్సులో కూర్చున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుని ఆ దూరపు గదిని ఊహించుకునేది. ఒక కుర్చీ. ఒక తెర. కుర్చీలో ఎవరో ఒకామె, తనలాగే వేళ్ళ సందుల్లో సుద్దపొడి ఉన్న మనిషి. టక్, టక్. ఆమె చెయ్యి కదలకుండా ఉందా? ముందుకు జరిపేసి, మాటలున్న చోటికి వెళ్ళిపోయిందా? ఊహ ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. ఆ చెయ్యి ఏం చేస్తుందో ఊహకు కూడా తెలియదు.

ఫలితం వచ్చిన రోజు ఆమె కళ్ళు మూసుకోలేదు. వీడియోకు రెండు పాయింట్ ఏడు. మొత్తం రెండు వందల డెబ్బై ఆరు.

సైన్సు టీచర్ ఆమెను కుర్చీతో సహా కావలించుకుంది. హెడ్ మేడమ్ వచ్చి చెయ్యి కలిపింది. వార్త కొట్టు దాకా ఎలా చేరిందో గానీ, భర్త ఫోను చేసి, "ఒక్క మార్కు మొగ్గు చూపించారన్నమాట. మంచి వ్యాపారం," అన్నాడు. ఆమె అందరితో నవ్వింది. నిజంగానే నవ్వింది. అందరూ వెళ్ళాక తెరను కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. అంకె కింద ఏమీ లేదు. తప్పినప్పుడు ఒక వాక్యం వచ్చింది. నెగ్గితే తెల్లటి ఖాళీ. ఆ ఖాళీలోకి ఆమె చాలాసేపు చూసింది. ఏడు దాటింది. పంతొమ్మిదీ దాటింది.

సర్టిఫికెట్ ఇప్పుడు కొట్లో, తూనికరాళ్ళ అర పైన ఉంది. అది వంకరగా ఉండకుండా చూసే బాధ్యత రసమట్టానిది. కాటాలు తెచ్చేవాళ్ళు దాన్ని ఆయన లైసెన్సు అనుకుంటారు. ఆయన కాదనడు.

ఈ కథ చెప్పించుకుని రాసుకోవడానికి వచ్చినవాళ్ళను ఆమె ఒక మధ్యాహ్నం బడి గేటు దాకా సాగనంపింది. పైన పిల్లలు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. గంట అప్పుడే కొట్టారు. వెళ్తున్నానని చెప్పి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. చేతిలో కొత్త చాక్‌పీసు ఉంది, ఇంకా ఒక్కసారి కూడా బల్లను తాకనిది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగింది.

"మీరేమంటారు? వాళ్ళు ఆ పంతొమ్మిది సెకన్లూ ముందుకు జరిపేయకుండా చూసుంటారా?"